రెండో తొవ్వ

మా అపార్టుమెంటు లిఫ్టులో ఒకావిడ ఉంది. మనిషి కనిపించదు, గొంతు మాత్రమే. "దయచేసి తలుపు మూయండి" అంటుంది. తలుపు తెరిచి ఉన్నప్పుడు అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మూసి ఉన్నప్పుడూ అంటుంది. లిఫ్టు కదులుతున్నప్పుడూ అంటుంది. అపార్టుమెంటు అసోసియేషనుకు సెక్రెటరీని నేనే కాబట్టి ఫిర్యాదులన్నీ నా దగ్గరికే వస్తాయి. ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టె విప్పి చూసి, "సార్, ఆమె నోరు మూయిస్తే లిఫ్టు గూడ ఆగిపోతది" అని తేల్చేశాడు. ఈ విషయం మీద మూడు మీటింగులు పెట్టాం. మూడో మీటింగులో, ఏమైనా ఆమె గొంతు బాగుంటుందని ఒక సభ్యుడు అభిప్రాయపడ్డారు. అంతటితో చర్చ ముగిసింది.

ఒక్కసారి కూడా లిఫ్టు ఎక్కకుండా, ఆమె మాటలు మా అందరికంటే ఎక్కువ విన్న మనిషి మా పక్క ఫ్లాటు కాక. మూడో అంతస్తులో లిఫ్టు ఎదురుగా, తన గుమ్మం బయట, మడత మంచం వేసుకుని పడుకునేవాడు. ఆమె అన్న ప్రతిసారీ జవాబు చెప్పేవాడు.

"మూయ బిడ్డా. నేను మూయ."

పోయిన నెల కరీంనగర్ దవాఖానలో కాక పోయాడు. ఊపిరితిత్తులు. ఈ బొగ్గుగనుల ప్రాంతంలో అంతకు మించి వివరం ఎవరూ అడగరు. ఇప్పుడు లిఫ్టులో ఆవిడ అంటూనే ఉంది. జవాబిచ్చేవాళ్లు లేరు.

ఏ గదిలోకి వచ్చినా కాక చూపు ముందు పైకప్పు మీదికి పోయేది. తర్వాత తలుపుల మీదికి. ఆ తర్వాతే మనుషుల మీదికి. ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో టింబర్‌మన్‌గా చేశాడు. అంటే భూమి లోపల కప్పు కూలకుండా కర్ర గుంజలు నిలబెట్టడం ఆయన పని. ఆయన లెక్కలో మనుషులది మూడో వరస కావడంలో అన్యాయమేమీ లేదు.

మాది మంథని. మాటలతో పొట్ట పోసుకునే వంశం. నేను గోదావరిఖనిలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతాను. మూడేళ్ల కింద ఈ అపార్టుమెంటులో దిగిన కొత్తలో, పక్కింటాయన కదా అని కాకను మా ఇల్లు చూద్దురుగాని రమ్మన్నాను. పడకగదిలో మబ్బు ఆకారంలో ఫాల్స్ సీలింగ్ చేయించుకున్నాం. దాని అంచుల్లో లైట్లు దాక్కుని ఉంటాయి. మా ఆవిడకు అదంటే ప్రాణం. కాక చేతిలో ఇనప పొన్ను వేసిన కర్ర ఒకటి ఎప్పుడూ ఉండేది. అడక్కుండానే దానితో మబ్బును మూడు చోట్ల కొట్టి, తల వంచి విన్నాడు.

"సారూ, గిది బోలు కొడుతుంది. గట్టి కప్పు గంట లెక్క మోగాలె."

"ఇది ఫాల్స్ సీలింగ్ కాకా. అసలు కప్పు దీని పైన ఉంటుంది. ఇది అందానికి."

"అంటే అసలు కప్పు మీకు కానరాకుంట దాపెట్టుకొని, దాని కింద పంటున్నరు." మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ధైర్యమే."

ఆ తర్వాత వారం రోజులు మా ఆవిడ హాల్లో పడుకుంది. హాల్లో మబ్బు లేదు.

కాక భార్యను మేము చిన్నమ్మ అనేవాళ్లం. వాళ్లు ముప్పై ఏళ్లకు పైగా ఉన్న కంపెనీ క్వార్టరుకు ముందొక తలుపు, వెనకొక తలుపు. ముందు గదిలో మంచం మీద పడుకుంటే వెనక పెరట్లో జామచెట్టు కనిపించేదట. రిటైరయ్యాక క్వార్టరు అప్పజెప్పాలి కదా, చిన్నమ్మ ఏరికోరి ఈ ఫ్లాటు కొనిపించింది. నున్నటి నేల, గ్యాసు గట్టు, వానకు కారని కప్పు. అన్నీ ఉన్నాయి. తలుపు మాత్రం ఒక్కటే ఉంది. గృహప్రవేశం నాడు చుట్టాలు వెళ్లిపోగానే కాక మడత మంచం తీసుకుని బయట వేసుకున్నాడు. ఆ రాత్రికే అనుకుంది చిన్నమ్మ. నెలలైంది.

"గృహప్రవేశం ఇంటికైంది గని ఆయనకు కాలే" అని మా ఆవిడతో అన్నది ఒకరోజు. నవ్వుతూనే అన్నది. తర్వాత నవ్వు ఆపి, "ముప్పై నాలుగేండ్లు నైటు డ్యూటీలని ఒక్కదాన్నే పన్న. రిటైరైనంక గూడ ఒక్కదాన్నే పండాల్నా?" అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను పేపరు వైపు చూశాను.

ఈలోగా ఉమ్మడి స్థలంలో మంచమేమిటని పై అంతస్తుల వాళ్లు గొడవ మొదలుపెట్టారు. నోటీసు నేనే రాశాను. "ఉమ్మడి మార్గమునందు శయన సామగ్రి ఉంచుట నిబంధనలకు విరుద్ధము" అన్న వాక్యం మీద ఆ రోజుల్లో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. కాక దాన్ని రెండుసార్లు చదివాడు.

"అక్షరాలు మంచిగున్నయి సారూ" అన్నాడు. "ఎండకాలం దాటేదాక టైమియ్యి. లోపట పండేటట్టు గది చేస్కుంట."

గది చేసుకోవడం అంటే ముందు చిన్నమ్మకు తెలిసిన పద్ధతిలోనే మొదలైంది. కరీంనగర్ నుంచి ఇంటీరియర్ చేసే అమ్మాయిని పిలిపించింది. పాపం మంచి పిల్ల. చేతిలో ట్యాబు. లేత గోధుమరంగు గోడలు, తెల్ల పరదాలు, ఒక మూల ఒంటరి మొక్క. "ప్రశాంతంగా ఉంటుంది అంకుల్. చూస్తేనే నిద్ర వస్తుంది" అన్నది. కాక ట్యాబును అడ్డం తిప్పాడు, నిలువు తిప్పాడు.

"గాలి యాడికెళ్ళి వస్తది బిడ్డా?"

"ఏసీ ఉంటుంది అంకుల్."

"వచ్చిన గాలి యాడికెళ్ళి పోతది?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను ఆ సంభాషణలో ప్రేక్షకుణ్ణి మాత్రమే.

"పోనియ్యి. గీ గదిల కెళ్ళి బయిట పడెటందుకు రెండో తొవ్వ ఏది?"

"ఇక్కడ ఫుల్ సైజు అద్దం పెడదాం అంకుల్. గది రెండింతలు కనిపిస్తుంది."

"అద్దంల కెళ్ళి ఉర్కాల్నా?" అన్నాడు కాక. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. ఆ అమ్మాయి చాయ్ సగంలో వదిలేసి వెళ్లింది. మళ్లీ రాలేదు.

మర్నాటి నుంచి కాక తనే మొదలుపెట్టాడు. కూలగొట్టిన పాత ఇళ్ల టేకు ద్వారబంధాలు ఎక్కడినుంచో తెప్పించాడు. బాడిస, ఉలి, చిత్రిక, ఉప్పుకాగితం. ఎండాకాలం సెలవులు కదా, టేపు రెండో కొస పట్టుకోవడానికి నన్ను నియమించాడు. నా చదువుకు అంతవరకు ఎవరూ ఇంత స్పష్టమైన ఉపయోగం చూపించలేదు.

ఆ గదిని నేను ఇప్పటికీ చెప్పగలను. గోడలకు రంగు వద్దన్నాడు. సున్నంలో కొంచెం నీలిమందు కలిపి తనే వేశాడు. ప్రతి తలుపు మీదా చెక్క జాలీ. పూలు లేవు, లతలు లేవు, వేలు పట్టేంత సన్నటి చీలికలు అంతే. కానీ వాటిని ఎంత లెక్కగా చెక్కాడంటే మంచం మీద పడుకుని చూస్తే పడకగది జాలీలోంచి హాలు, హాలు జాలీలోంచి బయటి మెట్ల వెలుతురు, ఒకే గీతగా కనిపించేది. మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా, గోడ పొడుగునా, నడుము ఎత్తులో నున్నటి టేకు పట్టీ బిగించాడు. దానికి గాట్లు. ఒక గాటు ఉంటే పడకగది తలుపు. రెండు ఉంటే వంటిల్లు. మూడు ఉంటే బయటి గుమ్మం. కళ్లు మూసుకుని చెయ్యి పట్టీ మీద వేస్తే చెయ్యే మనిషిని బయటికి తీసుకుపోతుంది.

"కరెంటు పోతే ఇన్వర్టరు ఉంది కదా కాకా" అన్నాను.

"ఇన్వర్టరు గూడ పోతే?"

ఎకనామిక్స్‌లో అంత దూరం చెప్పరు.

మంచం తలాపున ఒక టేకు గుంజ నిలబెట్టాడు. నేల నుంచి శ్లాబు దాకా, పైన చెక్క బిగించి. అపార్టుమెంటు శ్లాబుకు ఆ గుంజ ఆసరా అవసరం లేదని చెప్పాను. ఆయన విన్నాడు. విని ఇంకో దెబ్బ వేసి బిగించాడు.

"ఇనుము చెప్పకుంట పోతది సారూ. కర్ర అట్ల కాదు. బరువు ఎక్కువైతే కిర్రుమంటది, పగుల్తది, లెవ్వు లెవ్వు అంటది. చెప్పినంకనే పోతది. పక్కన పండుకుంటె గసుంటిదాని పక్కన పండాలె."

చిన్నమ్మ ఈ దుమ్మంతా ఓపికగా ఊడుస్తూ, "ఇల్లు జేస్తున్నవా, బాయి జేస్తున్నవా?" అని రోజుకు ఒకసారి అడిగేది. మధ్యాహ్నాలు తను కూడా ఒక మూల కూర్చుని పాత చీరలు పరిచి కొత్త బొంత కుట్టడం మొదలుపెట్టింది. ఇద్దరు పట్టేంత బొంత.

అన్నీ అయ్యాక కాక మా ఇంటికి వచ్చాడు. పైకి చూశాడు, తలుపులు చూశాడు, నన్ను చూశాడు.

"సారూ, రెండో తొవ్వ మీ ఇంట్ల కెళ్ళి ఉన్నది."

విషయం ఏమిటంటే మా రెండు బాల్కనీల మధ్య ఒక రేకు మాత్రమే అడ్డం. ఆ రేకు తీసి చిన్న చెక్క తలుపు పెడితే, కాక తన పడకగది నుంచి బాల్కనీలోకి, అక్కడి నుంచి మా బాల్కనీలోకి, మా హాల్లోంచి మా గుమ్మం దాటి బయటికి రావచ్చు. నేను లెక్క వేసి చూశాను.

"కాకా, రెండు తొవ్వలూ తిరిగి ఒకే లిఫ్టు దగ్గరికే వస్తాయి."

"బాయిల గూడ రెండు తొవ్వలు మీదికే వస్తయి సారూ. ఇంకెటు పోతయి?"

సెక్రెటరీ హోదాలో నాకు నేనే అర్జీ పెట్టుకుని, నాకు నేనే మంజూరు చేశాను. కాక పెట్టిన షరతు ఒక్కటే. మా బాల్కనీ అద్దం తలుపుకు ఆయన పడుకునే వేళ గొళ్లెం పెట్టకూడదు. అది పక్కకు జరిగే తలుపు. గాలికి దానంతటదే మూసుకుంటుంది. అందుకని మామిడి టెంకంత వేపచెక్క ఒకటి చెక్కి తెచ్చి, జానెడు సందు ఉండేలా కింద పెట్టాడు. ఆ చెక్కకు కూడా ఉప్పుకాగితం పట్టాడు.

ఆ రోజే అడిగాను, ఒక్క తలుపుతో ఇబ్బందేమిటని. ఆయన చెక్క నునుపు బొటనవేలితో చూసుకుంటూ చెప్పాడు.

"ఒకసారి కప్పు వాలింది సారూ. నేను, ఇంకొకాయన. వచ్చిన తొవ్వ మూసుకపోయింది. ఏం ఫికర్ లేదు, రెండో తొవ్వ ఉన్నది గదా అని గటు పోయినం. పోతే గా తొవ్వల నిండ గుంజలు పేర్చి ఉన్నయి."

"ఎవరు పేర్చారు?"

"నేనే. ముందటి షిఫ్టుల. చేతికి దగ్గర ఉంటయని."

చెక్కను తిప్పి రెండో పక్క నునుపు చూసుకున్నాడు.

"చీకట్ల ఒక్కొక్కటి గుంజుకుంట పోయినం. పేర్చినోన్ని నేనే, తీసెటోన్ని నేనే. బయిట పడెటాల్లకు పొద్దుగూకిందో తెల్లారిందో ఎరికలేదు."

"ఆయన ఏమన్నాడు?"

"ఏమనలే. గదే సారూ. రిటైరయ్యేదాక పక్కపక్కన్నే చేసినం. నా టిఫినుల కూర ఆయన తిన్నడు, ఆయన టిఫినుల కూర నేను తిన్న. గా ముచ్చట ఒక్కనాడు ఎత్తలే." చెక్క నా చేతికిచ్చాడు. "నాలుగు తిట్టినా అయిపోతుండె. తిడితే నిద్ర పడుతుండె."

"చిన్నమ్మ తిట్లు సరిపోవడం లేదా కాకా?" అన్నాను. నాకు అలాంటి సమయాల్లో ఇలాంటి మాటలే వస్తాయి. ఆయన నవ్వాడు. మర్యాద తెలిసిన మనిషి.

రాత్రి పడకకు ముందు మధ్యాహ్నం పడకతో అలవాటు చేసుకోవాలని నిర్ణయించుకున్నాడు. అన్నం తిన్నాక రెండు గంటలకు ముందు గుమ్మం చూసుకునేవాడు, తర్వాత బాల్కనీలోంచి వచ్చి మా అద్దం తలుపు సందులో చెయ్యి పెట్టి చూసుకునేవాడు. "ఉన్నవా సారూ?" "ఉన్నాను కాకా." అంతే. వెళ్లి, గుంజకు అరచెయ్యి ఆనించి పడుకునేవాడు. మొదటి రోజు పది నిమిషాలు. రెండో రోజు అరగంట. మూడున్నరకు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పేలుళ్లకు మా కిటికీలన్నీ గజగజలాడతాయి. మొదట్లో ఆ వేళకు లేచి కూర్చునేవాడు. మూడో వారానికి ఆ పేలుళ్లలోంచి కూడా గురక వినిపించింది. చిన్నమ్మ వచ్చి మా ఆవిడను చెయ్యి పట్టుకుని లాక్కుపోయి, గుమ్మంలో నిలబెట్టి వినిపించింది. పాట కచేరీకి తీసుకెళ్లినట్టు.

ఒకసారి ఆయన తలుపు చూసుకుంటూంటే, "చిన్నమ్మ నుంచి పారిపోయే దారి చూసుకుంటున్నావా కాకా?" అన్నాను.

"తొవ్వ ఉంటే పోబుద్ధి గాదు సారూ. లేకుంటెనే పోవాలనిపిస్తది."

ఆదివారం రాత్రి లోపల పడుకుంటానన్నాడు. చిన్నమ్మ బొంత ఉతికి మిద్దె మీద ఆరేసింది. మంచాన్ని నేనే దగ్గరుండి మడత పెట్టించాలని కమిటీ తీర్మానించింది.

శనివారం మధ్యాహ్నం. బయట నలభై ఆరు డిగ్రీలు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లింది. కాక వచ్చి సందులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "ఉన్నవా సారూ?" "ఉన్నాను కాకా." వెళ్లిపోయాడు. హాల్లో ఏసీ వేసుకుని సోఫాలో వాలాను. జానెడు సందులోంచి చల్లదనమంతా పోతోంది, వేడి, దుమ్ము లోపలికి వస్తున్నాయి. ఒక్క గంట. ఆయన గురక అప్పటికే వినిపిస్తోంది. లేచి వేపచెక్క తీసి టీవీ పక్కన పెట్టాను. తలుపు జరిపాను. గాలికి టకటకలాడుతుంటే గొళ్లెం పెట్టాను. నిద్ర పట్టింది. చాలా బాగా పట్టింది.

పేలుళ్లకు మెలకువ వచ్చింది. ఆ రోజు పెద్దవి. గోడ మీది క్యాలెండరు కింద పడింది. కళ్లు తెరిచేసరికి అద్దానికి అవతల కాక నిలబడి ఉన్నాడు. అరవలేదు. తలుపు బాదలేదు. వేలి కణుపుతో అద్దం మీద ఒకచోట మెల్లగా కొట్టి చెవి పెట్టి విన్నాడు. కొంచెం పక్కకు జరిగి ఇంకోచోట కొట్టి విన్నాడు. ఆ ముఖంలో కోపం లేదు. నేనున్నానని కూడా చూడటం లేదు. ఆ కణుపు ఏ చోటికి ఎంతసేపట్లో వస్తుందో చూస్తూ నేను సోఫాలోనే ఉండిపోయాను. ఎంతసేపో చెప్పలేను. లేచి గొళ్లెం తీసేసరికి బాల్కనీ ఖాళీగా ఉంది.

సాయంత్రం మెట్ల మీద కలిశాడు.

"ఎండ బగ్గ కొడుతుంది. నిద్ర మంచిగ పట్టిందా సారూ?"

"పట్టింది కాకా."

"గంతే గావాలె" అని దిగిపోయాడు.

ఆ సాయంత్రమే చిన్నమ్మ గిన్నెలో మామిడికాయ పచ్చడి తెచ్చింది. టీవీ పక్కన ఉన్న చెక్కను చూసింది. గిన్నె ఇప్పుడే ఇవ్వాల్సిన పనిలేదని చెప్పి వెళ్లింది.

ఆదివారం రాత్రి మంచం బయటే పడింది. ఏమైందని చిన్నమ్మ అడిగితే, "లోపట గాలాడుతలేదు" అన్నాడట. అంతకు మించి ఎవరితోనూ అనలేదు. నాతో అసలే అనలేదు. రెండేళ్లు రోజూ కనిపించాడు. మా కుర్చీ కాలు ఊగుతుంటే బాగుచేశాడు. మా ఆవిడకు పప్పుగుత్తి చెక్కి ఇచ్చాడు. చాయ్ తాగాడు, తాగించాడు. నేను చెక్కను మళ్లీ యథాస్థానంలో పెట్టాను. రాత్రింబగళ్లు తలుపు జానెడు తెరిచే ఉంచాను. దుమ్ముకు మా ఆవిడ నన్ను తిట్టింది. ఆ సందులోకి మళ్లీ చెయ్యి రాలేదు. నోటీసును ఫైల్లో పెట్టాను, ఫైలును ఎక్కడ పెట్టానో మరిచిపోయాను. కమిటీ అడిగినప్పుడల్లా, మౌఖికంగా అనుమతి ఉందని చెప్పాను. ఎవరి అనుమతి అని ఎవరూ అడగలేదు.

ఎన్నోసార్లు మెట్ల దగ్గర ఆగాను. "కాకా, ఆ రోజు" అని మొదలుపెట్టేవాణ్ణి. ఆయన వెంటనే, "డ్యూటీకి లేటైతది సారూ, పో" అనేవాడు. మాటలతో పొట్ట పోసుకునే వంశంలో పుట్టినవాడికి రెండు మాటలు పూర్తిచేయడం చేతకాలేదు. ఒక్కసారి తిట్టి ఉంటే, అని ఇప్పుడు అనుకుంటూ ఉంటాను.

పెద్దకర్మ అయిన నాలుగో రోజు చిన్నమ్మ చాయ్‌కి పిలిచింది. పడకగదిలోనే కూర్చోబెట్టింది. గది చల్లగా, తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. ఆ అమ్మాయి ట్యాబులో చూపించినదానికంటే ప్రశాంతంగా ఉంది. మంచం మీద ఇద్దరు పట్టే బొంత మడత పెట్టి ఉంది. గుంజ, ఆయన అరచెయ్యి ఆనించాల్సిన చోట, చేతి అరుగుదల మెరుపు లేకుండా కొత్తగానే ఉంది.

"బాల్కనీ నడుమ గా చిన్న తలుపు ఉన్నది గదా. ఇంక ఎవలకు గావాలె? తీసేద్దామా?" అని అడిగింది.

"ఉండనివ్వు చిన్నమ్మా" అన్నాను. లిఫ్టులో ఆవిడ గురించి ఏదో హాస్యం చెప్పబోయాను.

చిన్నమ్మ చాయ్ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది. గోడ మీది టేకు పట్టీని కొంగుతో తుడుస్తూ, నా వైపు చూడకుండానే అన్నది.

"గా దినం గొళ్లెం పెట్టింది నువ్వే గదా సారూ."